మధ్యలో ఉన్న నెలలు

(పరవాడలో చేసిన స్మారక ఉపన్యాసానికి అచ్చు పాఠం)



లెక్కల మాస్టారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో ఇంతవరకూ పెద్దలు చదువు గురించి, లెక్కల గురించి మాట్లాడారు. ఈసారి మాస్టారి ఇంటివాళ్లే నన్ను పిలిచి, “ఆయన ఆఖరి ఏళ్లలో పడ్డ బాధ గురించి చెప్పండి, దాచక్కర్లేదు” అన్నారు. నేను డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టుని. గాజువాక, అగనంపూడి, పరవాడ, అటు అనకాపల్లి దాకా ఇళ్లకు వెళ్లి, కీళ్లు మార్పించుకున్నవాళ్ల చేత అడుగులు వేయించడం నా పని. ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి రోగితో కూర్చునే తీరిక ఉండదు. నేను గంటసేపు ఉంటాను. మోకాలు వంచేటప్పుడు నొప్పి మరిపించడానికి నేనే వాళ్లని మాటల్లో పెడతాను. ఇవాళ చెప్పబోయేవి చాలామటుకు అలా చెవిన పడినవే.

మోకాలి చిప్పలు మార్పించుకోవడం ఇప్పుడు మనకి వింత కాదు. ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు కనిపిస్తారు. చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది నెల తిరిగేసరికి కర్ర పక్కన పెట్టి కూరలు తెచ్చుకుంటారు, మరుసటేడు సింహాచలం మెట్లెక్కి వస్తారు. వాళ్ల గురించి నేను చెప్పక్కర్లేదు, వాళ్లే ఊరంతా చెప్పుకుంటారు. నూటికి ఒకరికో ఇద్దరికో మాత్రం ఆ కొత్త కీలు చుట్టూ చీము పడుతుంది. వీళ్లు ఊళ్లో ఎక్కడా కనిపించరు. తలుపు దగ్గరికి వేసుకుని లోపలి గదిలో ఉంటారు. మాస్టారు ఆ నూటికొక్కరిలో ఒకరు.

లోపల ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. అది తెలియకే సగం నిందలు పుడుతున్నాయి. ఈ సభలో మన పరవాడ ఫార్మాసిటీలో పనిచేసే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నా పని సులువు. మీ ప్లాంటులో ప్యూరిఫైడ్ వాటర్ లూప్ ఉంటుంది కదా. పైపు లోపలి గోడకి సూక్ష్మక్రిములు అంటుకుని పైన జిగురు పొర కట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ పొరనే బయోఫిల్మ్ అంటారు. అది పట్టకుండా లూపులో 80 డిగ్రీల వేడినీళ్లు తిప్పుతారు. మోకాల్లో పెట్టిన లోహం మీదా, ప్లాస్టిక్ మీదా ఇదే జరుగుతుంది. చర్మం మీద మామూలుగా బతికే స్టెఫైలోకాకస్ జాతి క్రిములు కొన్నైనా చాలు, లోహాన్ని పట్టుకుని పొర కట్టేస్తాయి. పొర కట్టాక మందు లోపలికి దిగదు. విడిగా తిరిగే క్రిమిని చంపే మోతాదుకి వెయ్యి రెట్లు పోసినా చావని సందర్భాలున్నాయి. రక్తనాళాలు లోహంలోకి వెళ్లవు కాబట్టి ఒంట్లో ఉన్న రక్షణ కూడా అక్కడికి చేరదు. మనిషి మోకాల్లో వేడినీళ్లు తిప్పలేం. తొందరగా పట్టుకుంటే తెరిచి కడిగి, లోహాన్ని ఉంచేయొచ్చు. ముదిరితే పెట్టినదంతా తీసెయ్యాల్సిందే.

ఈ బాధ కొత్తది కాదు. అసలు కీళ్ల మార్పిడి చరిత్రే ఇన్ఫెక్షన్‌తో మొదలైంది. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో మోకీలు చేసి మనుషులకు అమర్చాడు. అవి క్షయ పట్టిన కీళ్లు. మొదట బాగానే నడిచాయి, తర్వాత చీముపట్టి పాడయ్యాయి. ఆ దారి చాలాకాలం మూసుకుపోయింది. 1962లో ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడిని నిలదొక్కించాడు. ఆయనకీ మొదట్లో పదిమందిలో ఒకరి దాకా ఇన్ఫెక్షన్ వచ్చేది. ఆపరేషన్ గదిలో గాజు గదిలాంటిది కట్టించి, వడకట్టిన గాలి తోలించి, తొడుక్కునే బట్టల్లోంచి ఊపిరి బయటికి లాగించే ఏర్పాటు చేసి దాన్ని నూటికి ఒకటి దగ్గరికి తెచ్చాడు. మీరు క్లీన్ రూమ్‌లోకి వెళ్లేముందు గౌనింగ్ చేసుకుంటారు చూడండి, అదే తంతు. 1970 ప్రాంతంలో హాంబర్గ్‌లో బుఖోల్జ్ ఎముక సిమెంటులోనే జెంటామైసిన్ అనే మందు కలిపాడు. 1983లో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ బృందం పాడైన మోకీలు తీసేసి, ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించి, తర్వాత కొత్తది పెట్టే పద్ధతి ప్రచురించింది. రెండంచెల ఆపరేషన్ అంటే ఇదే. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువగా నడుస్తున్నది ఇదే.

కాగితం మీద రెండంచెలు. మనిషికి మాత్రం రెండు అంచెల మధ్య ఉన్న నెలలే అసలు జబ్బు. నేను చెప్పదలుచుకున్నదల్లా ఈ మధ్యలో ఉన్న నెలల గురించే. ఆ నెలల్లో కీలుకి వైద్యం జరుగుతుంది. మనిషికి ఏ వైద్యమూ ఉండదు.

మొదటి ఆపరేషన్లో లోహం తీసి దాని చోట మందు కలిపిన సిమెంటు దిమ్మ పెడతారు. స్పేసర్ అంటారు. దాని మీద బరువు మోపకూడదంటారు, లేదా కొంచెమే మోపమంటారు. వాకర్ పట్టుకుని మంచం నుంచి బాత్రూమ్ దాకా వెళ్లడమే ఆ రోజుకి పెద్ద ప్రయాణం. నరంలో సన్నటి గొట్టం ఉంచి పొద్దునా సాయంత్రం మందు ఎక్కిస్తారు. మాస్టారింట్లో సెలైన్ స్టాండు లేదు. కిటికీ ఊచకి చీర అంచు చింపి కట్టి, దానికి సీసా వేలాడదీసేవారు. వాంకోమైసిన్ తొందరగా ఎక్కిస్తే ఒళ్లు ఎర్రబడి దురద పుడుతుంది, గంటకి తగ్గకుండా మెల్లగా ఎక్కించాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ సీసా తగిలించి ఇంకో ఇంటికి పరిగెత్తేవాడు. చుక్కలు లెక్కపెట్టే పని మాస్టారి భార్యది. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినాయన, ఆవిడ లెక్క తప్పిందని అప్పుడప్పుడూ గదమాయించేవారు. ఆవిడేమీ అనేది కాదు, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టేది.

వారానికోసారి రక్తపరీక్ష. సీఆర్‌పీ అని ఒక అంకె వస్తుంది, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పేది. మాస్టారు గ్రాఫు కాగితం తెప్పించుకున్నారు. అడ్డంగా వారాలు, నిలువుగా సీఆర్‌పీ, ఇంకో రంగు పెన్నుతో ఈఎస్‌ఆర్, అదీ అలాంటి పరీక్షే. ఆ కాగితాన్ని బీరువా తలుపుకి లోపలివైపు అంటించారు, బయటివాళ్లకి కనిపించకుండా. మొదటి నాలుగు వారాలు గీత కిందికి దిగింది. ఐదో వారం కొంచెం లేచింది. జలుబు చేసినా లేస్తుంది, పన్ను వాచినా లేస్తుంది. నేను ఆ మాట చెప్పాను, డాక్టరుగారూ చెప్పారు. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. టీవీ పెట్టలేదు. మనవడు పుట్టినరోజుకి రానా అని ఫోన్ చేస్తే “వచ్చే నెల చూద్దాం” అన్నారు. పక్కింటివాళ్లు పరీక్ష మార్కులు అడిగినట్టు “ఈ వారం ఎంతొచ్చింది మాస్టారూ?” అని గుమ్మంలో నిలబడి అడిగేవాళ్లు. అడగడం ప్రేమతోనే. అంకె బాగోనప్పుడు ఆయన తలుపు తీయించేవారు కాదు.

ఇంకొక ఇంటి సంగతి. ఆవిడకి లోపల కడిగి లోహాన్ని అలాగే ఉంచారు. స్టెఫైలోకాకస్ అని తేలింది కాబట్టి మిగతా మందులతో పాటు రిఫాంపిసిన్ మాత్ర కూడా ఇచ్చారు. లోహం మీది పొరలోకి చొరబడగల మందులు కొన్నే, వాటిలో అదొకటి. అది వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీళ్లు కూడా నారింజ రంగులోకి తిరుగుతాయి. ఆవిడ దుప్పటి మీద మరకలు చూసి కోడలు హడలిపోయింది. మందుల షాపువాడు మాత్ర చూసి “ఇది టీబీకి వాడేది” అన్నాడు. అంతే. వారంలో వీధంతా పాకింది. పాలమ్మాయి గిన్నె గుమ్మం బయటే పెట్టించుకుంది. మనవరాలిని ఆవిడ మంచం మీద పడుకోనివ్వలేదు. ఆవిడ నన్నడిగిన మాట నాకింకా వినిపిస్తుంది: “నానేటి పాపం సేసినాను బాబూ, నాకు టీబీ ఎక్కడిది?” ఆవిడకి టీబీ లేదు. ఆ మాట రెండు నిమిషాలు కూర్చుని చెప్పాల్సినవాళ్లు చీటీ రాసేటప్పుడు చెప్పలేదు. ఆ రెండు నిమిషాల ఖరీదు ఆవిడ నెలల తరబడి కట్టింది.

తర్వాత పత్యం. మన ఇళ్లలో కుట్లు పడితే పప్పు పెట్టరు, వంకాయ పెట్టరు, చీము పడుతుందంటారు. కంది పప్పు తిన్నంతమాత్రాన క్రిమి లోహానికి అతుక్కోదు, నిజమే చెబుతున్నాను. పైగా పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు అందుకు మంచిది. ఈ నమ్మకం పుండుకి చేసే నష్టం కన్నా మనసుకి చేసే నష్టం పెద్దది. చీము పడగానే ఇల్లంతా పంచనామా మొదలెడుతుంది. ఎప్పుడు తిన్నావు, ఎవరింట్లో తిన్నావు, పెళ్లిలో సాంబారు ముట్టావా లేదా? ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఘోరం. మగాడికి చీము పడితే “ఆస్పత్రి మంచిది కాదు” అంటారు. ఆడదానికి పడితే “నోరు కట్టుకోలేదు” అంటారు. నేను చూసిన ఇళ్లలో ఇది ఎంత తరచుగా జరుగుతుందంటే, ఇప్పుడు ఇంట్లోకి అడుగుపెడుతూనే ముందు పప్పు గురించి మాట్లాడేస్తాను.

షుగరు అదుపులో లేకపోవడం, పొగతాగడం, ఒంట్లో ఎక్కడో పుండు ఉండటం ఇన్ఫెక్షన్ ప్రమాదాన్ని పెంచుతాయి. ఇది దాచాల్సింది కాదు, ఆపరేషన్‌కి ముందే చూసుకోవాల్సింది. అయితే అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లకీ, శుభ్రమైన థియేటర్లో, మంచి చేతుల కింద కూడా ఇది వస్తుంది. కారణం వెతకడం వేరు, దోషిని వెతకడం వేరు.

ఇతర జబ్బులకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. గుండెపోటు ఎవరూ కోరుకుని తెచ్చుకోరు. మోకీలు మార్పిడి మాత్రం మనం కోరి చేయించుకున్నది. నొప్పి భరిస్తూ ఇంకో పదేళ్లు గడిపేయొచ్చు, అలా గడిపినవాళ్లు ఊళ్లో బోలెడుమంది. అందుకే పాడయ్యాక “ఎందుకు చేయించుకున్నాను” అన్న ప్రశ్న రాత్రి రెండింటికి లేపుతుంది. చేయించమని పట్టుబట్టిన కొడుక్కి ఇంకో రకం బాధ. అమెరికానుంచి డబ్బు పంపిన కూతురు “నేను పంపకపోతే నాన్నకి ఇలా జరిగేది కాదు” అని ఫోన్లో ఏడుస్తుంది, ఇక్కడ ఈయన “దానికి చెప్పకండి” అని నొప్పి దాచుకుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఎవరికి వారు ఒంటరిగా మిగులుతారు.

ఇది మన ఊరి బలహీనతేమో అనుకునేవాణ్ణి. కాదు. ఇంగ్లండులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తుంటి కీలుకి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించి, 2015లో ఆ ఫలితాలు అచ్చువేశారు. అక్కడా ఇదే: మంచానికి కట్టేసినట్టుండటం, ఇంకొకరి మీద ఆధారపడటం, దిగులు, మళ్లీ వస్తుందేమోనన్న భయం. వాళ్లకి ప్రభుత్వ వైద్యం ఉంది, ఇంటికొచ్చే నర్సులున్నారు. అయినా అదే దిగులు. ఆ బృందమే 2018లో సర్జన్ల మీద ఇంకో వ్యాసం ప్రచురించింది. తమ రోగికి ఇన్ఫెక్షన్ వచ్చిందని తెలిసినప్పుడు సర్జన్లూ లోతుగా కుంగిపోతారని అందులో తేలింది.

అది చదివాక నాకొకటి అర్థమైంది. రోగులు చాలామంది నాతో అనేవారు: “ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు భుజం మీద చెయ్యేసి మాట్లాడేవారు, చీము పడ్డాక మొహం చూడట్లేదు.” అది నిర్లక్ష్యం అని వాళ్ల లెక్క. నిర్లక్ష్యం కొన్నిచోట్ల ఉండొచ్చు. చాలాచోట్ల అది కుంగిపోయిన మనిషి తలదించుకోవడం. చార్న్‌లీ మొదట్లో టెఫ్లాన్‌తో కీళ్లు చేసి వందలమందికి పెట్టాడు, అవి అరిగి చెడిపోయాయి. ఆయన తప్పించుకోలేదు. ఆ రోగులని మళ్లీ పిలిచి తానే ఒక్కొక్కటీ తీసి బాగుచేశాడు. ఈ సభకొచ్చిన డాక్టర్లకి చెయ్యెత్తి మొక్కి అడుగుతున్నాను: చెడు కబురు చెప్పేరోజు జూనియర్ని పంపకండి. మీరే రండి, కుర్చీ లాక్కుని కూర్చోండి.

ఇన్ఫెక్షన్ అని తేలగానే చేతికొచ్చే కాగితం కల్చర్ రిపోర్టు. ఒక వరుసలో మందుల పేర్లు, ఎదురుగా ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే క్రిమి లొంగదు. చదువురాని ముసలమ్మలు కూడా ఆర్‌లు లెక్కపెట్టడం నేర్చుకుంటారు. ఆర్‌లు ఎక్కువుంటే ఏ మందూ పనిచెయ్యదనుకుని బెంబేలెత్తుతారు. నిజానికి ఒక్క సరైన ఎస్ చాలు. ఆర్‌లు ఎందుకు పెరుగుతున్నాయో మందులు తయారుచేసే ఊళ్లో చెప్పాలంటే కొంచెం ఇబ్బందే. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల పరిశ్రమల మురుగునీటిని శుద్ధిచేసి వదిలే చోట లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కనుక్కున్నారు. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన క్రిమి మందుకి ఎందుకు లొంగుతుంది? మన ఊరి పైపుల సంగతి ఇంకో సభలో మాట్లాడుకుందాం.

మందు గురించే ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆపరేషన్‌కి తట్టుకోలేని పెద్దవయసువాళ్లకి ఇన్ఫెక్షన్‌ని పూర్తిగా పోగొట్టకుండా, ఏళ్ల తరబడి మాత్రతో అణిచిపెడతారు. దానికి తరచు వాడేది డాక్సీసైక్లిన్. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అప్పుడు అక్కడ పరిశోధనలకి పెద్ద మన భీమవరంవాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. మాస్టారికీ ఆ మాత్ర ఇచ్చారు. ఆయనకి ఈ సంగతి చెబితే వేసుకునే ముందు ఓసారి దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, “మనవాడిది” అని మింగేవారు. ఆ నెలల్లో ఆయన నవ్విన రోజులు కొన్నే, వాటిలో అదొకటి.

డబ్బు సంగతి. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు ధరకి గరిష్ఠ పరిమితి పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమియం కీలుకి 54,720 రూపాయలు. మొదటి ఆపరేషన్ అందుకునేవాళ్లు పెరిగారు, మంచిదే. ఇన్ఫెక్షన్ వస్తే మాత్రం ఖర్చు కీలుతో ఆగదు. రెండు ఆపరేషన్లు, ఆరు వారాల సూదిమందు, వారం వారం పరీక్షలు, కార్లు, ఇంట్లో ఒకరు పని మానుకోవడం. స్టీలు ప్లాంటు పర్మినెంటు ఉద్యోగికి ఆస్పత్రి ఉంది. కాంట్రాక్టు కుర్రాడికి ఈఎస్ఐ ఉంటే తల్లిదండ్రులకీ వర్తిస్తుంది, జీతం 21,000 దాటనంతవరకూ. ఆ గీత దాటే ఇంక్రిమెంటు కోసం ఏడాదంతా ఎదురుచూసినవాడే, తల్లి స్పేసర్‌తో మంచంలో ఉందని ఆ ఇంక్రిమెంటు వద్దనుకునే స్థితిలో పడతాడు. బంగారం తాకట్టు పెట్టిన ఇంట్లో రోగి ఒక్కో సీసా ధర గొణుక్కుంటూ మందెక్కించుకోవడం నేను చూశాను. “నేను పోతే మీకు సుఖం” అన్న మాట అక్కడినుంచే పుడుతుంది. ఆ మాట విన్నవాళ్లు విసుక్కోకండి, తీసిపారెయ్యకండి. చావు మాట వస్తే అది సాయం అడగడమే అనుకోండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. మనవాళ్లకి మానసిక వైద్యం అనగానే విశాఖ పిచ్చాసుపత్రి పేరు గుర్తొచ్చి జోకులు పుడతాయి. ఆ జోకుల వల్ల ఎంతమంది ఆ ఫోన్ చెయ్యకుండా ఉండిపోయారో ఆలోచించండి.

ఏం చెయ్యాలంటే, నాకు తోచినవి కొన్ని. అన్నిటికన్నా ముందుది, లెక్క చెప్పడం. ఫార్మాసిటీలో ఒక్క బ్యాచ్‌లో తేడా వస్తే డీవియేషన్ రిపోర్టు రాస్తారు, మూలకారణం వెతుకుతారు, ఆడిటర్ అడిగితే చూపిస్తారు. మాత్రకి దక్కే ఆ మర్యాద మనిషికి ఎందుకు దక్కకూడదు? ఇంగ్లండులో 2004 ఏప్రిల్ నుంచి ఎముకల ఆపరేషన్ల తర్వాత ఇన్ఫెక్షన్లని లెక్కగట్టి పంపడం ప్రభుత్వ ఆస్పత్రులకి తప్పనిసరి చేశారు. మన దగ్గర కూడా ఆస్పత్రి తన లెక్క తాను కట్టుకుని, అడిగినవాడికి చెప్పగలగాలి. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించేటప్పుడు “నూటికి ఒకరికి ఇలా జరగొచ్చు, జరిగితే ఇదిగో ఇలా చూసుకుంటాం, అది మీ తప్పు కాదు” అని చెప్పాలి. ముందే విన్నవాడికీ, పిడుగు పడ్డాక విన్నవాడికీ కుంగుబాటులో ఉన్న తేడా నేను చూస్తూనే ఉన్నాను.

మధ్యలో ఉన్న నెలలు తగ్గించొచ్చా అన్నది డాక్టర్లు తేల్చాల్సింది. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఇన్‌ఫార్మ్ పరీక్షలో 140 మంది తుంటి కీలు రోగుల్ని చూశారు. ఒకే ఆపరేషన్లో పాతది తీసి కొత్తది పెట్టినవాళ్లు పద్దెనిమిది నెలలకి రెండంచెలవాళ్లతో సమానంగానే ఉన్నారు, మూడు నెలలకైతే వాళ్లకన్నా బాగున్నారు. అందరికీ అది కుదరదు. కుదిరేవాళ్లకి అడిగే హక్కుంది.

కుదరనివాళ్లకి ఆ నెలల్లో మనిషి కావాలి. దిగులు ఎంతుందో కొలవడానికి తొమ్మిది ప్రశ్నల చిన్న పత్రం ఉంది, నిద్ర, ఆకలి, చచ్చిపోవాలన్న ఆలోచన లాంటివి అడుగుతుంది. సీఆర్‌పీ చూసే రోజే దాన్నీ అడగొచ్చు, ఐదు నిమిషాల పని. ఆర్‌ఎంపీ అడిగినా చాలు.

మాస్టారికి రెండో ఆపరేషన్ అయింది, కొత్త కీలు పెట్టారు. మళ్లీ చీము పట్టలేదు. ఊళ్లో నడిచారు కూడా. అయితే ఒళ్లు వెచ్చబడిన ప్రతిసారీ మోకాలి మీద చెయ్యి వేసి చూసుకునే అలవాటు చివరిదాకా పోలేదు. ఆయన పోయింది గుండెజబ్బుతో. దీన్ని గెలిచి పోయారు అంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు, ఓడిపోయారన్నా ఒప్పుకోరు.

ఆఖరుగా ఒక పని చెబుతాను. ఈ ఉపన్యాసం నడిపే ధర్మనిధి వడ్డీలో కొంత ఈ ఏడాది నుంచి ఒక ఫోన్‌కి వాడుతున్నారు. కీలుకి ఇన్ఫెక్షన్ వచ్చి స్పేసర్‌తో ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఆ నంబరుకి చెయ్యొచ్చు. ఎత్తేది మాస్టారి భార్య. మందుల గురించి అడిగితే డాక్టరు దగ్గరికి వెళ్లమంటారు. సీసా కిటికీకి ఎలా కట్టాలి, వాకర్‌తో గడప ఎలా దాటాలి, మాట్లాడని మొగుడితో ఆరు వారాలు ఎలా గడపాలి లాంటివి అడిగితే చెబుతారు. నంబరు బయట బల్ల దగ్గర ఇస్తారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం చెయ్యకండి, ఆవిడ పడుకుంటారు.